ఏ మాట ఎవరిదో చెప్పి రాద్దాం



మన హాస్టల్‌లో ఒక్క పుస్తకాన్ని నలుగురం పంచుకుని చదివాం. ఒకరి నోట్సు చూసి మరొకరం రాసుకున్నాం. అందులో తప్పు లేదు. అలా చదివే టెన్త్, ఇంటర్ గట్టెక్కాం.

డిగ్రీలో ఆ అలవాటే మమ్మల్ని దెబ్బతీసింది. మొదటి అసైన్‌మెంటును సీనియర్ల నోట్సులోంచి, గైడులోంచి పేరాలు ఎత్తి రాసి ఇచ్చాం. లెక్చరర్ గారు మా ముగ్గురి కాగితాలు పక్కపక్కన పెట్టి, "ఇందులో మీరు రాసింది ఏది?" అని అడిగారు. తలలు దించుకున్నాం. రాత్రంతా మేలుకుని రాసినా మార్కులు రాలేదు.

ఆధారం చూపితే మన తెలివి తక్కువని అనుకుంటారేమోనని అప్పట్లో భయపడేవాళ్ళం. కానీ డా. అంబేడ్కర్‌ను చూడండి. 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయం సెమినార్‌లో 'భారతదేశంలో కులాలు' అనే పత్రం చదివారు. అప్పటికాయనకు 25 ఏళ్ళు, మనలాగే విద్యార్థి. కులానికి సెనార్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేట్కర్ ఇచ్చిన నిర్వచనాలను వారి పేర్లతోనే మన ముందుంచారు. వాటిలోని లోటుపాట్లు చూపి, ఆ తర్వాత తన మాట చెప్పారు. ఏది ఎవరిదో తేలింది కనుకే ఆయన కొత్తగా చెప్పింది స్పష్టంగా కనిపిస్తుంది.

మేము నేర్చుకున్న పద్ధతి ఇది:

1. పుస్తకం మూయకముందే రచయిత, పుస్తకం పేరు, ప్రచురణకర్త, సంవత్సరం, పేజీ నంబరు నోట్సులో రాసుకోవాలి. లైబ్రరీకి తిరిగిచ్చాక మళ్ళీ దొరకకపోవచ్చు.

2. ఉన్నదున్నట్లు రాస్తే కొటేషన్ గుర్తులు పెట్టి, పేజీ నంబరు ఇవ్వాలి.

3. సొంత మాటల్లో రాసినా ఆలోచన వేరొకరిదైతే వారి పేరు చెప్పాలి.

4. ఇంటర్నెట్‌లో చూస్తే ఆ పేజీ చిరునామా, చూసిన తేదీ రాయాలి.

5. అందరికీ తెలిసిన విషయానికి ఆధారం అక్కర్లేదు. రాజ్యాంగం 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిందనడానికి ఎవరి పేరూ అవసరం లేదు.

పెద్ద చదువులకు వెళ్ళేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రచనతో పోలిక 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఆధారం చూపి ఉటంకించిన భాగాన్ని ఆ లెక్కలో కలపరు.

తమ్ముళ్ళారా, పుస్తకాలు పంచుకోండి, నోట్సు పంచుకోండి. రాసేటప్పుడు మాత్రం ఎవరి మాట వారికివ్వండి. అప్పుడే "ఇది నేను రాసింది" అని తలెత్తి చెప్పగలం.