ఏకవచనమందలి స్త్రీ

మనుష్యుడు భాషను నిర్మించెనా, భాషయే మనుష్యుని స్వభావమును దిద్దుచున్నదా యను ప్రశ్నము పండితుల వినోదమునకు మాత్రమే తగినదని తలచువారు కలరు. చదువరులారా! మన తెలుగునుండియే యొక సాక్ష్యమును గొని విచారింతము.

రాముడు వచ్చినాడు, సీత వచ్చినది, గుఱ్ఱము వచ్చినది, బండి వచ్చినది. ఒక్కతెయైన స్త్రీని మన వ్యాకరణము పశువులతోడను జడవస్తువులతోడను జేర్చుచున్నది. ఇద్దఱు స్త్రీలు కలిసిరా, వెంటనే వారు పురుషుల పంక్తికి వత్తురు: స్త్రీలు వచ్చినారు, గుఱ్ఱములు వచ్చినవి. ఈ వింతను మన వైయాకరణులు మహత్తు, అమహత్తు అను విభాగముచే జక్కగా వివరించిరి. సంస్కారాభిమాని యీ నియమమును జూచినతోడనే, స్త్రీల యెడ మనకు గల చులకనభావమునకు మూలమిదియేయని తీర్పు చెప్పబోవును.

అయితే సాక్షిని ఎదురుప్రశ్నలు వేయక నమ్మరాదు. అరవమున 'వందాళ్' అనియు, కన్నడమున 'బందళు' అనియు స్త్రీకి వేఱు ప్రత్యయమే కలదు. ఆ దేశములందును బాల్యవివాహములును, విధవల శిరోముండనమును జరిగినవే. ఫిన్నిషు, టర్కీ, పారసీక భాషలలో 'అతడు', 'ఆమె' యను భేదమే లేదు. ఒకే విధమైన వ్యాకరణము గల యీ మూడు దేశములలో స్త్రీలకు శాసనసభల యెన్నికలలో వోటుహక్కు ఫిన్లండున 1906లోను, టర్కీలో 1934లోను, ఇరానున 1963లోను లభించినది. వ్యాకరణమే స్వభావమును శాసించునదైనచో నింత యంతర మేల?

కాబట్టి ప్రత్యయము నిర్దోషి. భాష మాత్రము పూర్తిగా నిర్దోషి కాదు. అమెరికాలో బెంజమిన్ లీ వోర్ఫ్ (1897–1941) అను నాతడు అగ్నిప్రమాదముల భీమాసంస్థలో నుద్యోగి. భాషాశాస్త్రము ఆతని వ్యాసంగము. పెట్రోలు నిండిన పీపాలచెంత జాగ్రత్తగా మెలగు పనివారే, 'ఖాళీ' పీపాలచెంత నిర్భయముగా పొగ త్రాగుట నాతడు గమనించెను. నిజమునకు ఆవిరి మిగిలియున్న ఖాళీ పీపాయే యెక్కువ ప్రమాదకరము. వోర్ఫ్ సిద్ధాంతములన్నియు నిలువలేదు గాని, యీ పీపాల దృష్టాంతమును నేను త్రోసివేయజాలను. పేరు పెట్టుటతోనే మనస్సు పరీక్షించుట మానివేయును.

మన యిండ్లలో జరుగునదియు నిట్టిదే. భార్య భర్తను గూర్చి 'వారు ఇంట లేరు' అనును. భర్త భార్యను గూర్చి 'అది ఇంట లేదు' అనును. ఇది వ్యాకరణ నిర్బంధము కాదు. 'ఆమె' యనవచ్చును, గౌరవ బహువచనమును వాడవచ్చును, వలదను సూత్రమెచ్చటను లేదు. ఐదేండ్ల బాలుడు ఈ రెండు వాక్యములను నేర్చుకొనునపుడు మాటలతోపాటు అంతస్తులనుగూడ నేర్చుకొనుచున్నాడు. 'ముండ' అను పదమును జూడుడు. శిరోముండనమైనదని చెప్పు మాట విధవకు బేరై, తుదకు స్త్రీనెల్లను దిట్టు తిట్టయినది. త్రాడు తెంచుకొన్న యావును, వంటయింటిలోని మేనత్తను ఒకే మాటతో బిలుచుట విని పెరిగిన బాలునకు, ఆ మేనత్త దుఃఖము వేఱుగ గనబడుట యెట్లు?

1856లో విధవా పునర్వివాహ శాసనము పుట్టినది. రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తొలి వితంతు వివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. నడుమ నిరువదియైదేండ్లు! ఈ యాలస్యమునకు మాటయే కారణమనుట యతిశయోక్తి. కులబహిష్కార భయము అంతకంటె బలవత్తరము. అయినను శాసనము హక్కు నిచ్చెనే గాని పిలుపును మార్పలేదు.

న్యాయవాదినగుటచే దస్తావేజులు చదువుట నా వృత్తి. వానిలో పురుషుడు ఎప్పుడును ఫలానివారి కుమారుడు; భార్య గతించినను ఆతని వర్ణన మారదు. స్త్రీ పెండ్లివఱకు ఫలానివారి కుమార్తె, పిమ్మట భార్య, భర్త గతించిన పిమ్మట 'లేటు ఫలానివారి భార్య'. తన స్వార్జితమైన యింటిని తానే విక్రయించుకొను స్త్రీయు నట్లే వ్రాయబడుచున్నది. ఆమె తండ్రి పేరు వ్రాయుమని నేను చెప్పినపుడు, వాడుక అది కాదని లేఖకులు కలము నాపి నావైపు చూతురు.