గళ్ల చట్రములో గుండ్రని శూన్యము

లోకమున రూపములను నిర్మించు మార్గములు రెండు గలవు. ఒకటి కూర్చుట, రెండవది తొలచుట. ఇటుకపై ఇటుక పేర్చి గోడ నెత్తువాడు మొదటి మార్గము ననుసరించుచున్నాడు. కొయ్యను తొలిచి మరిగె చేయు వడ్రంగి రెండవ మార్గము ననుసరించుచున్నాడు. కృష్ణాతీరమందలి ఉండవల్లి గుహలును ఈ రెండవ విధమునకు చెందినవే. అచ్చటి మండపములను ఎవరును పేర్చి కట్టలేదు. కొండలో అక్కరలేని రాతిని శిల్పులు తీసివేయగా స్తంభములును గదులును మిగిలినవి.

ఈ రెండవ మార్గమును ఇప్పటి వాస్తుశిల్పులు కంప్యూటరు సాయమున నెట్లు అనుసరించుచున్నారో, అందు గణితము మనకు ఎంతవరకు తోడు వచ్చునో, ఎచ్చట మనలను విడిచిపెట్టునో ఈ వ్యాసమున విచారింతము. హైస్కూలు తరగతులలో నేర్చుకొను గణితమే ఇందులకు చాలును.

చట్రము

పొడవున 10, వెడల్పున 10, ఎత్తున 10 చొప్పున పేర్చిన చిన్న ఘనముల రాశి నొకదానిని మనస్సున నుంచుకొనుడు. అందలి ఘనములు మొత్తము 10 × 10 × 10 = 1000. ఒక్కొక్క చిన్న ఘనము యొక్క భుజము 1 కొలత యనుకొందము. ఇదియే మూడు పరిమాణములు గల గళ్ల చట్రము.

గ్రాఫు కాగితముపై ఒక గడిని గుర్తించుటకు రెండు సంఖ్యలు చాలును. ఇచ్చట ఎత్తు కూడ నున్నది గనుక మూడు సంఖ్యలు కావలెను. పొడవున 3వది, వెడల్పున 4వది, ఎత్తున 6వది అని చెప్పినచో వేయి ఘనములలో ఏ ఘనమును గూర్చి చెప్పుచున్నామో సందేహము లేకుండ తెలియును. స్థానమును సంఖ్యలచే తెలుపు ఈ యుపాయమును గణితమున స్థిరపరచినవారిలో ముఖ్యుడు ఫ్రెంచి తత్త్వవేత్తయగు డెకార్టు. అతని జ్యామితి గ్రంథము 1637లో వెలువడినది.

తీసివేయు నియమము

ఈ రాశి నడుమ 4 కొలతల వ్యాసార్ధము గల గోళమంత బోలు చేయవలెనని సంకల్పింతము. కాని ఒక నిబంధన గలదు. చిన్న ఘనములను కోయరాదు. ఒక్కొక్క ఘనమును ఉన్నదున్నట్లు ఉంచవలెను, లేదా సంపూర్ణముగా తీసివేయవలెను. కాబట్టి ప్రతి ఘనమును గూర్చియు ఒకే ప్రశ్న వేయుదము: దీని మధ్యబిందువు గోళకేంద్రమునకు 4 కొలతల లోపల నున్నదా? ఉన్నచో తీసివేయవలెను, లేనిచో ఉంచవలెను.

దూరమును కనుగొనుటకు పైథాగరస్ సిద్ధాంతము ఉపకరించును. పొడవున ఎంత దూరమో, వెడల్పున ఎంత దూరమో, ఎత్తున ఎంత దూరమో చూచి, ఆ మూటి వర్గములను కూడినచో అసలు దూరము యొక్క వర్గము వచ్చును. 4 యొక్క వర్గము 16 గనుక, మనము చూడవలసినది ఆ మొత్తము 16 కంటె తక్కువయా, ఎక్కువయా అనునదియే. వర్గమూలము కట్టవలసిన పని లేదు.

గోళకేంద్రము రాశికి సరిగా నడుమ, అనగా ప్రతి దిక్కునను 5 కొలతల యొద్ద నున్నది. పైని చెప్పిన ఘనమునే చూతము. 3వ ఘనము యొక్క మధ్యబిందువు 2.5 యొద్ద నుండును, కేంద్రమునకు 2.5 దూరము. 4వ దాని మధ్యబిందువు 3.5 యొద్ద నుండును, 1.5 దూరము. 6వ దాని మధ్యబిందువు 5.5 యొద్ద నుండును, 0.5 దూరము. వర్గములు 6.25, 2.25, 0.25, మొత్తము 8.75. ఇది 16 కంటె తక్కువ గనుక ఆ ఘనము తీసివేయబడును.

అంచున నున్న రెండు ఇరుగుపొరుగు ఘనములను పరీక్షింతము. పొడవున 2, వెడల్పున 4, ఎత్తున 5 స్థానములు గల ఘనమునకు మొత్తము 12.25 + 2.25 + 0.25 = 14.75, అది పోవును. దాని క్రిందనే, ఎత్తున 4వ స్థానమున నున్న దానికి మొత్తము 12.25 + 2.25 + 2.25 = 16.75, అది నిలుచును. వంపు ఈ రెండింటి నడుమ నుండి పోవుచున్నది. ఇట్లు నియమము పక్కపక్కనున్న వానిని వేరు చేయుచు పోగా, సమతలములే గల ఘనముల నడుమ గుండ్రని శూన్యము పుట్టుచున్నది.

వేయి ఘనములను ఇట్లు పరీక్షించినచో 280 తొలగును, 720 మిగులును. అడుగు వరుస మొదలు పై వరుస వరకు తొలగిన వాని సంఖ్యలు వరుసగా 0, 12, 32, 44, 52, 52, 44, 32, 12, 0. వర్ధిల్లి, మరల క్షీణించు ఈ సంఖ్యలలోనే గోళము యొక్క ఆకారము కనబడుచున్నది.

గళ్లు చిన్నవైన కొలది

4 కొలతల వ్యాసార్ధము గల అసలు గోళము యొక్క ఘనఫలము సుమారు 268. మనము తీసినది 280. కాబట్టి మన బోలు అసలు గోళముకంటె 12 కొలతలు ఎక్కువ. అంతేకాక దాని గోడలు మెట్లు మెట్లుగా నుండును.

గళ్లను సగము చేసినచో నేమగును? అదే రాశిలో ఇప్పుడు 20 × 20 × 20 = 8000 గళ్లుండును. అదే నియమముచే 2176 తొలగును. ఈ క్రొత్త గడి పాత గడిలో 8వ వంతు గనుక, తొలగినది పాత కొలతలలో 272. ఎక్కువతనము 12 నుండి 4కు దిగినది. ప్రతిసారియు ఇంత క్రమముగా తగ్గునని నిశ్చయము లేదు గాని, గళ్లు చిన్నవైన కొలది బోలు అసలు గోళమునకు చేరువగుచుండును. మెట్లును సన్నగిలి కంటికి నునుపుగా తోచును.

అయితే ఈ నునుపునకు మూల్యము గలదు. గడి భుజము సగమైనచో వేయవలసిన ప్రశ్నలు 8 రెట్లగును. ప్రతి దిక్కునను 100 గళ్లుండినచో 10,00,000 ప్రశ్నలు వేయవలెను. ఇంత పని మనుష్యుడు చేతితో చేయజాలడు. కంప్యూటరు ఈ పనికే తగినది.

యంత్రము చేయు పని

వాస్తుశిల్పులు ఉపయోగించు రైనోసెరస్ అను చిత్రలేఖన కార్యక్రమముతో కలిసి పనిచేయు గ్రాస్‌హాపర్ అను సాధనము గలదు. ఆ మాటకు మిడుత యని యర్థము. డేవిడ్ రటెన్ అను నాతడు దీనిని రచించెను. 2007లో ఇది మొదట వేరొక పేరుతో బయటకు వచ్చినది. ఇందు గోళమును చేతితో గీయనక్కర లేదు. తెరపై చిన్న పెట్టెల నుంచి, వానిని తీగలవంటి గీతలతో కలుపుదురు. ఒక పెట్టె గళ్లను పుట్టించును; ఒకటి దూరమును కొలుచును; ఒకటి ఆ దూరమును వ్యాసార్ధముతో పోల్చును; మరియొకటి లోపలి వానిని తీసివేయును. మనము పైని చేతితో చేసిన లెక్కయే ఇది.

వ్యాసార్ధము, కేంద్రస్థానము, గడి కొలత మొదలగు మారుదగిన సంఖ్యలను పరామితులందురు. ఒక సంఖ్యను కొంచెము జరిపినచో యంత్రము లెక్కనంతయు మరల కట్టి క్రొత్త రూపమును చూపును. పూర్వము కాగితముపై గీసిన పటమున వ్యాసార్ధమును మార్చవలెనన్న పటమంతయు తుడిచి మరల గీయవలసి యుండెడిది.

నియమములను కలుపుటయు సులభమే. రెండు గోళములలో దేనిలోపల నున్నను తీసివేయుమని చెప్పినచో, రెండు గదులు కలిసిన గుహ యేర్పడును. మూడు దూరములలో ఒకదానిని విడిచి, తక్కిన రెంటి వర్గములనే కూడినచో, విడిచిన దిక్కున పొడవుగా సాగు సొరంగము వచ్చును. అట్లు మన రాశికి ఒక పక్క 2 కొలతల వ్యాసార్ధము గల సొరంగమును తొలిచినచో, వెలుపలి పొరలో 12 ఘనములు మాత్రమే అదనముగా తొలగి గవాక్ష మొకటి తెరచుకొనును.

యంత్రము చూడని విషయము

ఇక ముఖ్యమైన విషయమునకు వత్తము. మన చిన్న ఘనములు 20 సెంటీమీటర్ల భుజము గల ఇటుకదిమ్మలనుకొనుడు. రాశి 2 మీటర్ల ఎత్తు, లోపలి బోలు 160 సెంటీమీటర్ల ఎత్తు నుండును. బాలుడొకడు గవాక్షముగుండ ప్రాకి లోనికి పోయి నిలువబడినాడనుకొనుడు. అతని తలపై నేమున్నది?

లెక్క చూతము. పైనుండి చూచినచో రాశిలో 100 నిలువు వరుసలున్నవి. వానిలో 52 వరుసల నడుమ బోలు గలదు. ఆ 52 వరుసలలో బోలునకు పైగా మిగిలిన దిమ్మలు 120. వాని క్రింద నేరుగా ఆధారము లేదు. ఇటుక ఘనమీటరునకు 1900 కిలోగ్రాములు తూగుననుకొనిన ఒక్కొక్క దిమ్మ 15 కిలోగ్రాములకు పైబడి యుండును; 120 దిమ్మలు కలిసి 1,800 కిలోగ్రాములకు పైబడును. ఈ భారము లోపలి బాలుని తలపై వ్రేలాడుచున్నది. తెరపై మాత్రము ఆ రూపము చూడ ముచ్చటగా నిలిచియే యుండును. తెరపైని దిమ్మలకు బరువు లేదు.

ఇందు యంత్రము చేసిన తప్పేమియు లేదు. దూరమును గూర్చి యడిగితిమి. దూరమును గూర్చియే అది బదులు చెప్పినది. దీనిని మోయునది యేది అను రెండవ ప్రశ్నను మనము అడుగలేదు.

ఆ ప్రశ్నను నియమముగా చేర్చి చూతము: క్రింది దిమ్మ తీసివేయబడినచో పైదియు తీసివేయవలెను. అప్పుడు ఆ 120 దిమ్మలును పోయి, తొలగినవి మొత్తము 400 అగును. కాని గోళమును పోవును. క్రింది సగము గిన్నెవలె నుండును. పైసగము ఆకాశమునకు తెరచిన బావి యగును. ప్రాణభయము తీరినది గాని కోరిన రూపము దక్కలేదు. ఈ రెంటి నడుమ మార్గమును వెదకుటయే నిర్మాణశిల్పి పని. ఒక్కొక్క వరుసను క్రిందిదానికంటె కొంచెముగా మాత్రమే ముందునకు జరుపుట, దిమ్మలను ఉక్కుతో కలుపుట, బరువైన పదార్థమునకు బదులు తేలికయైన దానిని వాడుట మొదలగునవి అట్టి మార్గములు. ఉండవల్లి శిల్పులు ఈ రెండవ ప్రశ్నను మరువలేదు. వారు విడిచిన స్తంభములే అందులకు సాక్షి.

లండను తోటలోని మేఘము

ఈ విషయమున నిజముగా కట్టబడిన యుదాహరణ మొకటి చూతము. లండను నగరమందలి కెన్సింగ్టన్ తోటలలో సర్పెంటైన్ అను చిత్రశాల గలదు. ఆ సంస్థ 2000 సంవత్సరమున మొదలుపెట్టి, వేసవి మండప మొకటి నిర్మింపుమని పేరుపొందిన వాస్తుశిల్పులను ఆహ్వానించుచు వచ్చినది. 2013లో ఆ పని జపాను దేశీయుడగు సో ఫుజిమోటో చేసెను. అతడు 1971లో జన్మించినవాడు.

అతని మండపము 357 చదరపు మీటర్ల పచ్చికపై నిలిచినది. దానిని 20 మిల్లీమీటర్ల తెల్లని ఉక్కు కడ్డీలతో కట్టిరి. గళ్లు కొన్నిచోట్ల 40 సెంటీమీటర్లు, కొన్నిచోట్ల 80 సెంటీమీటర్లు. కడ్డీలన్నియు తిన్ననివే, మూలలన్నియు సమకోణములే. అయినను దూరమునుండి చూచినవారికి అది పచ్చికపై వ్రాలిన మేఘమువలె తోచెను. వెలుపలి అంచు నొకచోట చిక్కగా, నొకచోట పలుచగా నుండెను. లోపల గళ్లను విడిచిన చోట జనులు కూర్చుండుటకు తావు ఏర్పడెను. 40 సెంటీమీటర్లనగా కూర్చుండు పీట ఎత్తునకు ఇంచుమించు సరిపోవును గనుక, ఆ గళ్లే మెట్లుగను ఆసనములుగను ఉపయోగపడినవి. వాననుండి కాపాడుటకు పారదర్శకమైన గుండ్రని పలకలను పైన అమర్చిరి.

ఇచ్చట బరువైన దిమ్మలకు బదులు సన్నని కడ్డీలు వాడబడినవి. ఒకదానితో నొకటి గట్టిగా కలుపబడుటచే, క్రింద నేరుగా ఆధారము లేని కడ్డీల భారమును పక్కవి పంచుకొన్నవి. కాబట్టి రూపమును దక్కినది, లోపలివారికి క్షేమమును దక్కినది. ఆ మండపము 2013 జూను 8 నుండి అక్టోబరు 20 వరకు అచ్చట నుండెను. తరువాత అది అల్బేనియా రాజధానియగు టిరానా నగరమునకు తరలింపబడి 2016లో మరల నిలుపబడినది.

అభ్యాసము

విద్యార్థులారా, ఈ పాఠమును కంప్యూటరు లేకయే పరీక్షింపవచ్చును. గళ్ల కాగితముపై పదేసి గళ్ల చతురస్రములను పదింటిని గీయుడు. ఒక్కొక్కటి రాశిలో ఒక వరుస. పైని చెప్పిన నియమముచే తొలగు గళ్లను సీసపుకడ్డీతో నింపుడు. మీ లెక్కలు 0, 12, 32, 44, 52 అని వచ్చి, అదే క్రమమున మరల దిగినచో సరిగా చేసితిరని తెలిసికొనుడు. పిమ్మట 6వ వరుస మొదలు ఒక్కొక్క కాగితమును క్రిందిదానిపై నుంచి, నింపిన గడిపై నింపని గడి ఎచ్చట వచ్చుచున్నదో అచ్చట ఎర్రని గుర్తు పెట్టుడు. ఆ గుర్తులు ప్రమాదస్థానములు. వానిని లెక్కించినచో 52 వచ్చును.

ఆ పిమ్మట కేంద్రమును ఒక కొలత పైకి జరిపి మరల చేసి చూడుడు. బోలు పైకప్పును తాకి ఆకాశము కనబడును. ఎర్ర గుర్తులు ఎన్ని తగ్గినవో మీరే లెక్కించుకొనుడు. ఒక్క సంఖ్య మారుటచే రూపమును ప్రమాదమును రెండును మారుట మీ కన్నుల యెదుటనే కనబడును.

లెక్క కట్టు శ్రమను యంత్రము మననుండి తీసికొన్నది. ఏమి యడుగవలెనో నిర్ణయించు శ్రమ మనకే మిగిలినది. దూరమును గూర్చిన ప్రశ్న రూపము నిచ్చును. భారమును గూర్చిన ప్రశ్న ఆ రూపము క్రింద నిలుచువారిని కాపాడును. రెండును అడుగ నేర్చినవాడే నిర్మాణమునకు అర్హుడు.