చిన్న తరగతులలో పద్యపాఠం

ప్రాథమిక తరగతులలో పద్యపాఠం సాగే తీరు చాలాచోట్ల ఒక్కటే. ఉపాధ్యాయుడు చదువుతాడు, పిల్లలు వల్లిస్తారు, కఠినపదాలకు అర్థాలు, చివరకు తాత్పర్యం. హిందీ బడిలో దానిని 'భావార్థ్' అంటారు, పేరే వేరు. ఆరేళ్ల పిల్లవాడు తాత్పర్యాన్ని కంఠస్థం చేసి పద్యాన్ని మరచిపోవడం ఈ పద్ధతికి ఫలం.

శిశువు చెవికి మొదట అందేది లయ, అర్థం తరువాతిది. 1912లో వెలువడిన 'జీవనస్మృతి'లో రవీంద్రనాథ్ ఠాగూరు, బాల్యంలో వాచకంలో చదివిన వానను గురించిన చిన్న పంక్తి తనకు తొలి కవితానుభవమని చెప్పుకున్నాడు. ప్రాస ఉన్నందువల్లనే మాట ముగిసినా దాని మ్రోత మనసులో ముగియదని ఆయన అభిప్రాయం. 1930లో ఆయన రచించిన 'సహజ్ పాఠ్'లో అక్షరాలు సైతం ప్రాసల పంక్తులలోనే పరిచయమవుతాయి. వాటికి నందలాల్ బోస్ చిత్రాలు తోడు.

తెలుగు ఉపాధ్యాయునికి ఈ విషయంలో కొరత లేదు. సుమతీ శతక పద్యాలు కందాలు. కందంలో గణానికి నాలుగు మాత్రలు. మొదటి, మూడవ పాదాలలో మూడేసి గణాలు, రెండవ, నాల్గవ పాదాలలో అయిదేసి. ఛందస్సు అన్న మాట ఎత్తకుండానే గణానికొకసారి చేతులు చరిపిస్తే మూడు, అయిదు, మూడు, అయిదు అన్న నడక పిల్లలకు పట్టుబడుతుంది. గణం ఆగినచోట మాట ఆగదు. ఒక్కొక్క మాట రెండు చరుపుల మధ్య విరుగుతుంది. అక్కడ పిల్లలు నవ్వితే నవ్వనివ్వాలి. హిందీ దోహా నడక వేరు: పదమూడు మాత్రలకు విరామం, మరి పదకొండుకు ముగింపు. కందంలో ప్రాస పాదానికి రెండవ అక్షరం. దోహాలో అది చివర.

హిందీ బాలగేయాన్ని తెలుగు చేసేవారికి ఇదే తొలి చిక్కు. పాదాల చివర 'వచ్చాడు', 'ఇచ్చాడు' అని క్రియలు పేర్చడం సులభమే గాని, దానికి ముందుగా విసుగు చెందేది పిల్లలే.

2021 మే నెలలో ఎన్.సి.ఇ.ఆర్.టి. ఒకటవ తరగతి హిందీ వాచకం 'రిమ్‌ఝిమ్'లోని మామిడిపండ్ల బుట్ట గేయంపై వివాదం చెలరేగింది. అందులోని ఒక మాట మోటుగా ఉన్నదని కొందరి ఆక్షేపణ. స్థానిక భాషల పదజాలాన్ని పిల్లలకు అందించడానికే అటువంటి గేయాలను చేర్చినట్లు సంస్థ వివరించింది. ఆ మాట మంచిచెడ్డలు ఎట్లున్నా, ఇంటి పలుకు వాచకంలో కనబడినప్పుడు పిల్లవాడు నోరు విప్పుతాడా అన్నది అంతకన్న పెద్ద ప్రశ్న. బుందేలీ పలికే ఇంటి బాలికకు వాచకపు హిందీ, ఆదిలాబాదు గోండు బాలునికి వాచకపు తెలుగు దాదాపు పరభాషలే. అటువంటి పిల్లలు మౌనంగా కూర్చుంటే మందబుద్ధులన్న ముద్ర పడుతుంది. ఆ ముద్రతోనే కొందరు బడి మానుతారు. పదిమందితో కలిసి పాడేటప్పుడు తప్పు పలికినా ఎవరి తప్పో తెలియదు. ఆ మరుగు వారికి ఎంతో అవసరం.

కనుక తొలి రెండు తరగతులలో తాత్పర్యపు ప్రశ్న అడగకపోవడమే మేలు. మొదటి రోజు పుస్తకం మూసి ఉంచి ఉపాధ్యాయుడు రెండుమూడుసార్లు పాడాలి, మరునాడు పిల్లలతో కలిసి పాడాలి. మూడవనాడు గేయంలోని పిల్లిని తీసివేసి మరొక జంతువును పెట్టమనాలి. ప్రాస చెడిందో నిలిచిందో వారే తేలుస్తారు. ఆ తరువాత అవ్వ పాడే ఒక జోలపాటనో ఆటపాటనో ఇంటినుండి తెమ్మని, ఏ భాషలో ఉన్నా తెలుగు లిపిలో నల్లబల్లపై వ్రాసి తరగతి అంతటిచేత పాడించవచ్చు. ఆ పూట ఉచ్చారణ దిద్దే పని ఉపాధ్యాయునిది కాదు, ఆ పాట తెచ్చిన పిల్లది.