వెబ్‌సైటు వేగము – నిలువ నీటి నీతి

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. అట్టివేళ హెచ్చరిక తెలుపు వెబ్‌సైటు ఆలస్యముగా తెరచుకొన్నచో ప్రయోజనమేమి?

గొట్టా బ్యారేజినుండి వచ్చు వంశధార నీటిని చెరువులలో నిలువచేసికొందుము. అటులనే మారని బొమ్మలను ఫోనులోనే నిలువయుంచుట ‘క్యాషింగు’. రెండవసారి వానిని మరల తెప్పింపనక్కరలేదు.

సర్వరు దూరమును గమనింపవలెను. ఫైబరు కేబులులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. అయినను అమెరికాకు పోయివచ్చుటకు సెకనులో పదవవంతుకు పైగా పట్టును. ఒక్క పేజీకే అట్టి రాకపోకలు పలుమార్లు జరుగును. కావున మన దేశములోనే యుండి, రద్దీకి తట్టుకొను సర్వరు మేలు.

అయితే హెచ్చరికలను దీర్ఘకాలము నిలువయుంచరాదు. నిన్నటి హెచ్చరికను నేటిదని నమ్మిన జాలరి ప్రాణమునకే ముప్పు. బొమ్మలకు నెలల గడువును, హెచ్చరికలకు నిమిషముల గడువును పెట్టవలెను.