ఖర్చుకు లెక్క అడిగేదెవరు?

పార్లమెంటు ఒప్పుకోనిదే కేంద్ర ఖజానా నుంచి ఒక్క రూపాయి తీయకూడదని మనం సాంఘికశాస్త్రంలో చదివాం. మరి తీసిన డబ్బు చెప్పిన పనికే పెట్టారా అని చూసేదెవరు?

1. కాగ్: అంటే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్. రాజ్యాంగంలో 148వ అధికరణం. మంత్రులకు కోపమొచ్చినా ఈ అధికారిని తీసెయ్యలేరు. సుప్రీంకోర్టు జడ్జిని తొలగించే పద్ధతే ఇక్కడా ఉంది.

2. ప్రజా పద్దుల సంఘం: లోక్‌సభ నుంచి 15 మంది, రాజ్యసభ నుంచి 7గురు. మంత్రులు ఉండకూడదు. 1967 నుంచి అధ్యక్షుడు ప్రతిపక్షం వారే కావడం ఆనవాయితీ. కాగ్ నివేదిక ముందు పెట్టుకొని ఆఫీసర్లను పిలిచి అడుగుతారు.

ఏం అడుగుతారు? టెండరు సరిగ్గా పిలిచారా? కొలతల పుస్తకంలో రాసినంత పని నేల మీద ఉందా? ధర ఎందుకు పెరిగింది? ఉదాహరణకు, 2010లో ఢిల్లీలో కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. వాటికోసం విదేశీ వీధిదీపాలను ఎక్కువ ధరకు కొన్నారని కాగ్ 2011 నివేదికలో తప్పుపట్టింది.

అయితే ఒక లోటు ఉంది. ఈ తనిఖీ చాలావరకు డబ్బు ఖర్చయిపోయాకే జరుగుతుంది. సంఘం సిఫారసు చేస్తుందిగానీ శిక్ష వెయ్యలేదు. మన శాసనసభలో కూడా ఇలాంటి సంఘం ఉంది. కానీ అది ప్రతి గూడేనికీ వచ్చి రోడ్డు కొలవలేదు కదా!

అందుకే సమాచార హక్కు చట్టం, 2005 తెలుసుకోవాలి. దాని ప్రకారం పౌరులు సర్కారు పనిని చూడొచ్చు, రికార్డుల నకళ్లు తీసుకోవచ్చు, వాడిన సామాను నమూనా కూడా అడగొచ్చు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఫీజు లేదు. జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ సంగతి పెద్దవాళ్లకు చెప్పండి. దరఖాస్తు మీరే రాసిపెట్టండి.