వింత ఎవరికి?

అరకు లోయ చూడటానికి విశాఖపట్నం నుంచి ఎంతోమంది వస్తారు. కొండలు చూస్తారు. బొర్రా గుహలు చూస్తారు. వారపు సంత ఉంటే సంతకూ వెళ్తారు.

ఆ సంతలో ఒక అవ్వ కూర్చుని ఉంది అనుకుందాం. ఆమె ముందు పసుపు కొమ్ములు, అల్లం, కొండచీపుర్లు ఉన్నాయి. ఆమె ముక్కుకు అటూ ఇటూ పుడకలు, నడుమ బులాకీ ఉన్నాయి. పట్నం నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఆమె ముందు ఆగాడు. ఫోను తీశాడు. టక్కున ఫొటో తీశాడు. వెళ్ళిపోయాడు. చీపురు కొనలేదు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

"ఎవరే ఆ పిల్లోడు? ఏం తీసుకుపోయాడు?" అని అవ్వ మనవరాలిని అడిగింది.

"నీ ఫొటో తీసుకుపోయాడు, అవ్వా."

"నాలో ఏం వింత ఉందనే?"

అవ్వ అడిగిన ప్రశ్న మంచి ప్రశ్న. దానికి జవాబు వెతుకుదాం.

కొత్తది కంటిని లాగుతుంది

రోజూ చూసే వేపచెట్టు మన కంటికి ఆనదు. అదే ఊళ్ళోకి ఏనుగు వస్తే? చేతిలో పని వదిలేసి పరుగెత్తుతాం. పసిపిల్ల కూడా పాత బొమ్మ పారేసి కొత్త బొమ్మ పట్టుకుంటుంది. కొత్తదాన్ని చూడాలని, తెలుసుకోవాలని మనిషికి కోరిక ఉంటుంది. అది తప్పు కాదు. ఆ కోరిక లేకపోతే చదువే లేదు.

చూసింది కొన్నాళ్ళకు మరచిపోతాం. ఫొటో తీస్తే అది నిలిచిపోతుంది. ఇంటికి వచ్చి అందరికీ చూపించవచ్చు. "చూడండి, నేను అక్కడికి వెళ్ళాను" అని చెప్పుకోవచ్చు. అందుకే వింత కనబడితే చాలు, చెయ్యి ఫోను మీదికి పోతుంది.

ఈ మోజు ఈనాటిది కాదు. ఫొటో తీసే పద్ధతిని 1839లో ఫ్రాన్సు దేశంలో లోకానికి వెల్లడి చేశారు. 1850ల నాటికే యూరపు ఫొటోగ్రాఫర్లు పెద్ద పెద్ద కెమెరాలు మోసుకుని ఈజిప్టు వెళ్ళారు. అక్కడి పిరమిడ్లను ఫొటోలు తీశారు. వాటిని తమ దేశాల్లో అమ్మారు. జనం ఇంట్లో కూర్చునే దూరదేశం చూశారు. ఎంత ఆనందించి ఉంటారో!

పిరమిడ్ రాతి కట్టడం. దానికి సిగ్గు లేదు, కోపం రాదు. మనుషుల సంగతి అలా కాదు.

పేరు లేని ఫొటోలు

మన దేశాన్ని ఇంగ్లీషువాళ్ళు ఏలుతున్న కాలంలో ఒక పెద్ద పుస్తకం అచ్చు వేశారు. 1868 నుంచి 1875 వరకు ఎనిమిది భాగాలుగా అది వచ్చింది. అందులో మన దేశ ప్రజల ఫొటోలు నాలుగు వందలకు పైగా ఉన్నాయి. చాలా ఫొటోల కింద మనిషి పేరు లేదు. కులం పేరో, తెగ పేరో ఉంది. వాళ్ళ గుణం ఇలాంటిది, అలాంటిది అని రాతలు ఉన్నాయి. సంతలో పశువులను చూసి సుడులు లెక్కబెట్టినట్టుగా మనుషులను చూశారు.

ఇది పాత కథ అనుకోకండి. మన కాలంలో జరిగిన ఒక సంగతి చూద్దాం.

ఆకుపచ్చ కళ్ళ అమ్మాయి

1979లో సోవియట్ సేనలు అఫ్ఘానిస్తాన్‌లోకి వచ్చాయి. యుద్ధం వల్ల లక్షల మంది ఇళ్ళు వదిలి పాకిస్తాన్ వెళ్ళారు. అక్కడ గుడారాల్లో తలదాచుకున్నారు.

1984లో స్టీవ్ మెక్కరీ అనే అమెరికా ఫొటోగ్రాఫర్ పెషావర్ దగ్గరి ఒక శిబిరానికి వెళ్ళాడు. అక్కడ ఒక గుడారంలో బడి నడుస్తోంది. ఆ బడిలో ఒక అమ్మాయిని ఫొటో తీశాడు. ఆమె కళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. ఆ కళ్ళలో భయం ఉంది, కోపం ఉంది. 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ అనే పత్రిక ఆ ఫొటోను అట్ట మీద వేసింది. ప్రపంచంలో ఎన్నో కోట్ల మంది ఆ కళ్ళను చూశారు. అందరూ ఆమెను "అఫ్ఘాన్ అమ్మాయి" అన్నారు. ఆమె పేరు ఎవరికీ తెలియదు.

పదిహేడేళ్ళు గడిచాయి. 2002లో ఆ ఫొటోగ్రాఫర్ మళ్ళీ వెళ్ళి వెతికాడు. చివరకు ఆమె దొరికింది. ఆమె పేరు షర్బత్ గులా. అప్పటికి ఆమె పెళ్ళయి, పిల్లల తల్లి అయింది. లోకమంతా చూసిన ఆ ఫొటోను ఆమె మాత్రం చూడలేదు! అంతకు ముందు ఆమెను ఎవరూ ఫొటో తీయలేదు. తెలియని మగమనిషి ఫొటో తీసినందుకు ఆనాడు తనకు కోపం వచ్చిందని ఆమె గుర్తు చేసుకుంది.

ఆమెకు తన పేరు రాయడం వచ్చు. చదవడం రాదు. తన పిల్లలు చదువుకోవాలని ఆమె ఆశ. ఈ సంగతులు ఆ ఫొటోలో కనబడతాయా? కనబడవు. ఆమెను అడిగినప్పుడే తెలిశాయి.

మీరు కూడా మొదటిసారి మీ పేరు రాసుకున్న రోజు గుర్తుందా? ఆ పేరు ఎంత విలువైనదో మీకు తెలుసు. ఫొటోలో ఉన్న ప్రతి మనిషికీ అలాంటి పేరు ఒకటి ఉంటుంది.

ఇష్టపడి దిగిన ఫొటోలు

ఫొటో అంటేనే చెడ్డదా? కాదు. రాజా దీన్ దయాళ్ గారు పేరు పొందిన ఫొటోగ్రాఫర్. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టారు. హైదరాబాదులో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో ఫొటోగ్రాఫర్‌గా పనిచేశారు. ఆ రోజుల్లో చాలామంది స్త్రీలు పరదాలో ఉండేవారు. పరాయి మగవాళ్ళ కంటబడేవారు కాదు. కాని ఫొటో దిగాలని వాళ్ళకూ ఉంటుంది కదా! దీన్ దయాళ్ గారు 1892లో ఆడవాళ్ళ కోసమే ఒక స్టూడియో పెట్టారు. అక్కడ ఫొటోలు తీసేది కూడా ఆడమనిషే. స్త్రీలు వచ్చి ఫొటోలు తీయించుకున్నారు.

ఇక్కడా అదే కెమెరా. కాని తేడా చూడండి. ఈ స్త్రీలు తామే వచ్చారు. తమ ఇష్టంతో దిగారు.

చట్టం ఏమంటుంది?

అండమాన్ దీవుల్లో మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. అక్కడి అడవుల్లో జరావాలు అనే ఆదివాసులు ఉంటారు. వాళ్ళు కొన్ని వందల మందే. వాళ్ళ అడవి గుండా ఒక రోడ్డు పోతుంది. ఆ దారిన వెళ్ళే యాత్రికులు జరావాలను జంతువులను చూసినట్టు చూసేవారు, ఫొటోలు తీసేవారు. జరావా స్త్రీల చేత ఆటలు ఆడించి తీసిన వీడియో 2012లో బయటపడింది. దేశమంతా సిగ్గుపడింది. జరావాలను ఫొటో తీయడం, వీడియో తీయడం నేరం. శిక్ష పడుతుంది.

మనం ఏం చేయాలి?

ఇప్పుడు దాదాపు ప్రతి ఇంట్లో కెమెరా ఉన్న ఫోను ఉంది. ఒకరికి పంపిన ఫొటో గంటలో వెయ్యి మందికి చేరుతుంది. మళ్ళీ వెనక్కి రాదు. అందుకే ఈ మాటలు గుర్తుంచుకోండి.

• ఫొటో తీసే ముందు అడగండి. వద్దంటే మానేయండి.
• ఫొటో ఎందుకో చెప్పండి. తీశాక వాళ్ళకు చూపించండి.
• చిన్నపిల్లలైతే తల్లిదండ్రులను అడగండి.
• స్నానం చేసేవారిని, ఏడ్చేవారిని, రోగులను ఫొటో తీయకండి.
• మీ ఫొటో ఎవరైనా తీయబోతే "ఎందుకు?" అని అడగండి. "వద్దు" అనే హక్కు మీకు ఉంది.

మళ్ళీ సంతకు వెళ్దాం. "నాలో ఏం వింత ఉందనే?" అని అవ్వ అడిగింది కదా. మనవరాలు నవ్వి ఇలా అంది:

"ఆ అబ్బాయికి నీ బులాకీ వింత. నీళ్ళు కొనుక్కుని తాగే ఆ అబ్బాయి నాకు వింత!"

అవ్వ కూడా నవ్వింది. "అయితే ఈసారి వాడొస్తే కూర్చోమను. నా పేరు చెబుతాను. వాడి పేరు అడుగుతాను. ఆ తర్వాత తీసుకోమను ఫొటో" అంది.

ఆలోచించండి – మాట్లాడండి

1. మీ ఊళ్ళో మీకు మామూలుగా ఉండి, పైవాళ్ళకు వింతగా కనిపించేది ఏమిటి?
2. షర్బత్ గులాకు ఆనాడు కోపం ఎందుకు వచ్చింది?
3. మిమ్మల్ని అడగకుండా ఎవరైనా ఫొటో తీశారా? అప్పుడు మీకేమనిపించింది?
4. మీ ఇంట్లో ఉన్న ఒక ఫొటో తీసుకోండి. అందులో ఉన్నవారి పేర్లు, ఫొటో తీసిన ఊరు ఒక కాగితం మీద రాయండి.

కొత్త మాటలు

బులాకీ = ముక్కు నడుమ పెట్టుకునే నగ
శిబిరం = ఇల్లు వదిలి వచ్చినవారు కొంతకాలం ఉండే చోటు
ఆస్థానం = రాజు కొలువు
పరదా = ఇతరులకు కనబడకుండా వేసుకునే తెర