పాపికొండల మంచును తుడిచెయ్యకు

మాధవీ,

కార్తీకంలో పాపికొండల దగ్గర నువ్వు తీసిన ఫోటోలన్నీ చూశాను. నీ చెయ్యి కుదురైంది, ఫ్రేము కట్టటం వచ్చింది. అయినా వాటిని చూస్తుంటే గోదావరి ఒడ్డున కూర్చున్నట్టు లేదు, సంతలో నిలబడ్డట్టుంది. బాగున్నాయని ఒక్క ముక్కతో సరిపెట్టొచ్చు. కానీ నువ్వడిగింది మెచ్చుకోలు కాదు, ఎలా మెరుగుపరచుకోవాలన్నది. అందుకే వివరంగా రాస్తున్నాను. కొండా నీరూ ఉన్నంత మాత్రాన ఫోటోలోకి ప్రశాంతత రాదమ్మా. దగ్గరికీ దూరానికీ, ఆకాశానికీ నీటికీ, వెలుగుకీ నీడకీ మధ్య అక్కడ ఉన్న తేడాలు ఫోటోలోనూ అదే వరసలో నిలబడితేనే వస్తుంది. నీ ఎడిటింగ్ సరిగ్గా ఆ తేడాలనే చెరిపేస్తోంది.

ముందు మంచు సంగతి చూడు. శరత్తులో మబ్బులేని రాత్రి నేల వేడి త్వరగా పైకి పోతుంది, గాలి చల్లబడుతుంది. నది నీరు అంత త్వరగా చల్లారదు. ఆ గోరువెచ్చని నీటి మీది ఆవిరి చల్లగాలి తగిలి పొగమంచుగా లేస్తుంది. దాని వెనక కొండలు వరస వరసకీ పలచబడుతూ నీలిచాయకు తిరుగుతాయి. మనకీ కొండకీ మధ్య గాలి ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ వెలుగు చెదిరి కంట్లో పడుతుంది కాబట్టి అలా కనిపిస్తుంది. పలకలాంటి ఫోటోలో లోతు తెలిసేది ప్రధానంగా దీనివల్లే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లోకి 2015లో వచ్చిన డీహేజ్ సాధనం ఈ పలచదనాన్నే లోపంగా లెక్కగట్టి తుడిచేస్తుంది. నీ మూడో ఫోటోలో నాలుగు వరసల కొండలున్నాయి. నాలుగో వరస మీద కూడా చెట్టు చెట్టుకీ అంచు గీసినట్టుంది, ముందున్న రెల్లుదుబ్బు ఎంత పదునుగా ఉందో వెనక కొండా అంతే పదునుగా ఉంది. కంటికి ఇక ఎక్కడా ఆగే చోటు లేదు. చైనా చిత్రకారుడు గువో షీ 1072లో వేసిన తొలి వసంతపు కొండల బొమ్మ ఎక్కడైనా దొరికితే తీరిగ్గా చూడు. మంచు ఉన్నచోట ఆయన సిరాను దాదాపు ముట్టించకుండా పట్టుబట్టను అలాగే వదిలేశాడు. కొండలకు అంత ఎత్తు వచ్చింది ఆ వదిలేసిన చోటు వల్లే.

నీటి దగ్గర నువ్వు చేసిన పొరపాటు ఇంకా సూక్ష్మమైంది, కానీ దాన్ని కన్ను ఇట్టే పసిగడుతుంది. నిలకడగా ఉన్న నీరు తనమీద పడ్డ వెలుగునంతా తిరిగి పంపదు, కొంత లోపలికి పోతుంది. అందుకే నీటిలో కనిపించే ఆకాశం పైనున్న ఆకాశం కంటే ఒక పిసరు ముదురుగా ఉంటుంది. నువ్వు పైభాగం వెలుగును గ్రాడ్యుయేటెడ్ మాస్కుతో దించేసి, కింద షాడోలు ఎత్తేశావు. దాంతో నది ఆకాశం కంటే తెల్లబడింది. చూసేవాళ్లకి కారణం తెలియకపోవచ్చు, ఏదో అతకలేదని మాత్రం తెలిసిపోతుంది. పోలరైజర్ ఫిల్టర్ విషయం కూడా ఇలాంటిదే. నీటిమట్టానికి సుమారు 37 డిగ్రీల వాలులో చూసినప్పుడు అది నీటి మీది మెరుపును దాదాపు పూర్తిగా తీసేస్తుంది. గులకరాళ్లు కనిపించే సెలయేటికి అది మంచిదే. కొండ ప్రతిబింబం కోసం వెళ్లినచోట దాన్ని పూర్తిగా తిప్పితే నువ్వు వెళ్లిన పనే చెడుతుంది. వైడ్ లెన్స్‌కు తగిలిస్తే ఆకాశంలో ఒకవైపు మాత్రమే నల్లటి మచ్చలా వస్తుంది. ఇక 30 సెకన్ల ఎక్స్‌పోజరు. ఉరకలేసే నీటిని అది నునుపు చేస్తుంది, నిజమే. కార్తీకపు గోదావరి ఆ కొండల నడుమ అసలే నెమ్మదిగా కదులుతుంది. దానిమీద ఉన్న ఆ సన్నటి అలలు కూడా పోతే మిగిలేది పాలరాతి గచ్చు, నది కాదు.

ఒక చిన్న మాట, మధ్యలో చెప్పేస్తాను. నదిని ఏటవాలుగా తీసినప్పుడు అవతలి ఒడ్డు గీత సహజంగానే ఒకపక్కకి వాలినట్టు కనిపిస్తుంది. నువ్వు ఆ గీతను అడ్డంగా చెయ్యాలని ఫోటోనే తిప్పావు, కొండలన్నీ ఒరిగాయి. ఒడ్డును నమ్మకు. ఫ్రేము మధ్యలో ఒక చెట్టు కొననీ, నీటిలో దాని కొననీ చూడు. ఆ రెండూ నిట్టనిలువుగా ఒకే గీత మీద ఉండాలి.

రంగుల విషయంలో నీతో కాస్త గట్టిగానే విభేదిస్తున్నాను. ఆకుపచ్చను నారింజకు జరిపి శరత్తు తెచ్చానన్నావు. అమెరికాలో వెర్మాంట్ అడవులు, జపాన్‌లో క్యోటో మేపుల్ చెట్లు ఆ కాలంలో ఎర్రబడతాయి. పగళ్లు తగ్గి, రాత్రులు చల్లబడేసరికి ఆకులోని పచ్చదనం విరిగిపోయి, కింద దాగిన పసుపు బయటపడుతుంది, కొన్ని జాతుల్లో ఎరుపు కొత్తగా పుడుతుంది. మన అడవి ఆకు రాల్చేది ఎండాకాలం ముంచుకొచ్చే శిశిరంలో. ఆశ్వయుజ కార్తీకాల్లో పాపికొండలు వానల్లో తడిసిన ముదురాకుపచ్చలోనే ఉంటాయి. మన శరత్తుకు గుర్తులు వేరు. ఒడ్డున విరిసిన తెల్లటి రెల్లుపూలు, ఎర్రటి వరద తగ్గి తేటపడుతున్న నీరు, కడిగినట్టున్న ఆకాశం, దక్షిణానికి జరిగిన ఎండ. నవంబరు మొదటి వారంలో అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 57 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, అదే మే నెలలో నడినెత్తిన ఉంటాడు. ఆ ఏటవాలు వెలుగు కొండ మడతల్లో నీడలు నింపుతుంది. అరువు తెచ్చుకున్న నారింజ వీటన్నిటినీ కప్పేస్తుంది.

ఇక్కడ నువ్వు అమెరికా ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ పేరు ఎత్తుతావని తెలుసు. డార్క్‌రూములో ఆయన మార్చనిదంటూ ఉందా, నన్నెందుకు ఆపుతారు అంటావు. న్యాయమైన ప్రశ్న. 1942లో ఆయన తీసిన టీటాన్ పర్వతాలూ స్నేక్ నదీ ఫోటో 1977లో వోయేజర్ నౌకల బంగారు రికార్డులో అంతరిక్షానికి కూడా వెళ్లింది. ప్రింటు చేసేటప్పుడు ఒకచోట వెలుగు ఆపటం, ఇంకోచోట పెంచటం ఆయన నిత్యం చేసిన పనే. కానీ ఆ ఫోటోలో ఆయన చేత్తో చేసిన పని ఎటు సాగిందో గమనించు. మెలికలు తిరిగిన నది తెల్లగా మెరుస్తుంటే దానికి ఇరువైపులా అడవి నల్లగా అణిగి ఉంటుంది. చూపు నది వెంట వెళ్లి పర్వతం దగ్గర ఆగుతుంది. మార్పులన్నీ తేడాలను నిలబెట్టటానికే. కాబట్టి ఎడిటింగ్ తప్పని నేననను. ఫ్రేములో ప్రతి మూలనూ ఒకేలా పైకెత్తే ఎడిటింగ్ తప్పంటాను.

రెండో అభ్యంతరం ఇంకా బలమైంది. మంచును అలాగే ఉంచితే ఫోటో చప్పగా ఉంటుంది, ఫోను తెరమీద ఎవరూ ఆగరు. ఇందులో కొంత నిజం ఉంది. పలచటి టోన్లు ఎక్కడా నల్లటి ఆధారం లేకుండా తేలితే నిజంగానే వెలవెలబోతాయి. దానికి మందు డీహేజ్ కాదు, ముందుభాగంలో ఒక ముదురు వస్తువు. ఒడ్డున కట్టిన పడవో, వెలుగుకు ఎదురుగా నిలిచిన రెల్లుదుబ్బో నలుపుకు దగ్గరగా ఉంటే వెనక మంచు దానంతటదే వెలుగుతుంది. ఇంకొక సంగతి, ఫోనుతో తీస్తే అది తనంతట తానే నాలుగైదు ఫ్రేములు కలిపి ఆకాశాన్ని దించుతుంది, నీడల్ని ఎత్తుతుంది. నువ్వు మొదలుపెట్టకముందే సగం తేడాలు పోయి ఉంటాయి. అందుకే రా ఫైలు తియ్యి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే. 14 బిట్ల రా ఫైలులో 16,384. మంచులాంటి సన్నటి మార్పులన్నీ ఆ మెట్ల మధ్యే బతుకుతాయి. నీ ఆకాశంలో చారలు పడటానికి కారణం జేపెగ్‌ను అంతలా సాగదీయటమే.

మూడోది నువ్వడగలేదు, అయినా చెప్పాలి. నీ ఫోటోల్లో కరెంటు స్తంభాలు, పడవలు, గుడిసెలు చెరిపేసిన గుర్తులు కనిపించాయి. ప్రశాంతత కోసం చెరిపానంటావు. ఆ ఒడ్డున కొండరెడ్లు, కోయలు బతుకుతున్నారు. పోలవరం ప్రాజెక్టు ఎగువ కాఫర్ డ్యామ్ కట్టాక దేవీపట్నం వైపు ఊళ్లు నీట మునిగాయి. ఆ నీటినే మనం నిశ్చలంగా ఉందని ఫోటో తీస్తున్నాం. మనుషుల జాడే లేకుండా చేస్తే చూసేవాడు అది ఎప్పుడూ ఖాళీగానే ఉందనుకుంటాడు. అది అబద్ధం. ఫోటో పరంగా చూసినా నష్టమే. పొగ లేచే ఒక చిన్న గుడిసె ఉంటే తప్ప వెనక కొండ ఎంత పెద్దదో తెలియదు. ప్రశాంతతకు మనుషుల్ని తీసెయ్యనక్కర్లేదు. వాళ్లు ఎంత చిన్నగా, ఎక్కడ ఉన్నారన్నదే ముఖ్యం.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. లాంచీ ఆ కొండల నడుమకు చేరేసరికి తరచు మధ్యాహ్నమే అవుతుంది, మంచు పోయి గాలి లేస్తుంది. తెల్లవారుజామున నది దగ్గరే ఉండేలా ముందురోజు బస చూసుకో. లాంచీలో ఇంజను అదురుకి ట్రైపాడ్ పనికిరాదు, షట్టర్ వేగం సెకనులో 250వ వంతుకు తగ్గనివ్వకు. వైడ్ లెన్స్‌లో ఆ కొండలు కుంగిపోయి ముందున్న నీళ్లే ఫ్రేమంతా ఆక్రమిస్తాయి. 70 నుంచి 135 మిల్లీమీటర్ల మధ్య ప్రయత్నించు, వరసలు ఒకదాని మీదొకటి పేరుకుంటాయి. వైట్ బ్యాలెన్సును ఆటోలో వదలకుండా డేలైట్‌లో పెట్టు, లేకపోతే కెమెరా తెల్లవారి నీలాన్ని సర్దేస్తుంది.

ఇప్పుడున్న ఫోటోల్లో ఆ నాలుగు వరసల కొండల ఫోటోను మళ్లీ మొదటినుంచి చెయ్యి. డీహేజ్, క్లారిటీ సున్నాలో ఉంచు, నీరు ఆకాశం కంటే ఒక మెట్టు కిందే ఉందో లేదో చూడు, చెరిపేసిన పడవను తిరిగి తీసుకురా. తెరమీద చూసి తృప్తిపడకుండా మ్యాట్ కాగితం మీద పెద్ద సైజులో ప్రింటు తీయించి, దాంతోపాటు ముట్టుకోని అసలు ఫైలు కూడా నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ పెద్దనాన్న